మూసాపేటలో ఇగ్లూ

నల్లా నీళ్ళు రాకపోతే చెప్పుకోవడానికి ఒక ఆఫీసుంది. కరెంటు పోతే ఫోన్ చేయడానికి ఒక నంబరుంది. వీధికుక్క కరిస్తే ఒకరు, వీధిదీపం వెలగకపోతే ఒకరు, ఎవరో ఒకరు వింటారు. వినడం వేరు, చేయడం వేరనుకోండి. కానీ ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల ఆర్ట్ ప్రాజెక్టుల వల్ల ఇల్లు గుల్లవుతోందని మొరపెట్టుకోవడానికి ఈ మహానగరంలో ఒక్క కౌంటరూ తెరవలేదు. అందుకని, అన్ని విధాలా ఆలోచించి, ఈ ఫిర్యాదును పాఠక మహాశయుల ముందే దాఖలు చేసుకుంటున్నాను.

ఫిర్యాదుదారు వివరాలు: మూసాపేట నివాసి. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో కాపురం. బాలానగర్‌లో ఒక కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. నేను గీసిన గీతను నమ్మి అవతల ఇనుము కోసేవాళ్ళు. అలాంటి నాకు, ఈ వయసులో, ఇగ్లూ కట్టినందుకు 'బి ప్లస్' వచ్చింది. ఈ ఫిర్యాదుకు అసలు కారణం అది కాదని మనవి. అసలు కారణం నిదానంగా చెబుతాను. అయినా బి ప్లస్ సంగతి రికార్డులో ఉండటం మంచిది.

మా మనవరాలు రెండో తరగతి. అబ్బాయి, కోడలు ఇద్దరివీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. 2022 జూన్‌లో కైత్లాపూర్ బ్రిడ్జి తెరిచాక మా వైపు నుంచి అటు వెళ్ళడానికి రైలు పట్టాల మీదుగా దగ్గరి దారి పడింది. దారి దగ్గరైంది గానీ మనుషులు ఇల్లు చేరే వేళ దగ్గర కాలేదు. ఎనిమిదింటికి ఒకరు వస్తారు, తొమ్మిదింటికి ఒకరు వస్తారు. సరిగ్గా ఆ మధ్యలోనే క్లాసు గ్రూపులో మెసేజ్ పడుతుంది. 'డియర్ పేరెంట్స్' అని మొదలవుతుంది. అది చూడగానే మా వీధిలో నాలుగు అపార్ట్‌మెంట్లలో పొయ్యిమీద కుక్కర్లు దిగిపోతాయి.

రేపటికి నెమలి కావాలంటారు. చిన్నారి సొంతంగా చేయాలంటారు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఒకే రాత్రి జరిగిన దాఖలా నాకైతే కనిపించలేదు. కావలసిన సామాను కింద పాత సీడీలు రెండు, థర్మకోల్ షీటు ఒకటి, గ్లిటర్ పేపర్లు మూడు రంగులు, పూసలు, ఐస్‌క్రీమ్ పుల్లలు ఇరవై, గ్లూ గన్ అని రాశారు. గ్లూ గన్ పక్కన 'పెద్దల పర్యవేక్షణలో' అని చేర్చారు. వేడి జిగురు ఏ వేలి మీద పడాలో ముందే తేల్చేశారన్నమాట. ఐస్‌క్రీమ్ పుల్లలు షాపువాడు ఇరవై అమ్మడు, వంద ప్యాకెట్టే అమ్ముతాడు. మిగిలిన ఎనభై మా ఇంట్లో ఏ సొరుగు లాగినా చేతికి తగులుతుంటాయి. మా ఆవిడ వాటితో దీపం వత్తి ఎగదోస్తోంది.

"మామయ్యగారూ, మనింట్లో పాత సీడీలేమైనా ఉన్నాయా?" అని అడిగింది కోడలు, బ్యాగు భుజాన ఉండగానే.

ఈ కాలంలో సీడీలెక్కడివి? లాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే తీసేశారు. ఉన్నవల్లా మా ఆవిడ పూజగదిలో దాచుకున్నవి. అందులో పైది ఘంటసాల భగవద్గీత. "వినడానికి ప్లేయరే లేదు కదా అత్తయ్యా" అన్న ఒక్క వాదనతో కేసు కొట్టేశారు. గీత ఎన్నోసార్లు విన్న మనిషి కాబట్టి మా ఆవిడ ఫలాపేక్ష లేకుండా ఇచ్చేసింది. ఆ సీడీ నెమలి పొట్టయింది. రెండో సీడీ పిల్లదాని తండ్రి ఇంజనీరింగ్ ప్రాజెక్టుది. అది ఎందుకు పనికొచ్చిందో తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇంకోసారి 'వాడేసిన టాయిలెట్ రోల్ అట్టగొట్టాలు ఆరు' అన్నారు. చెంబుతో పుట్టి, మగ్గుతో పెరిగి, ఇప్పుడిప్పుడే హ్యాండ్ షవర్ దాకా ఎదిగిన సంసారం మాది. వాడేసిన గొట్టాలు ఎక్కణ్ణుంచి తేవాలి? అబ్బాయి ఫోన్‌లో నొక్కాడు. పది నిమిషాల్లో సరుకు తెచ్చే కుర్రాడు కొత్త రోల్స్ ఆరు పట్టుకొచ్చాడు. కాగితమంతా విప్పి, లోపలి గొట్టాలు తీసి, జతలు జతలుగా అంటించి బైనాక్యులర్స్ చేశారు. విప్పిన కాగితం సోఫా మీద గుట్టపడింది. ఆ వారం శీర్షిక: 'వృథా వస్తువులతో కళాఖండం.'

ఈ ఊహలన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కోవడానికి పెద్ద దర్యాప్తేమీ అక్కర్లేదు. ఎక్కడో మంచు పడే ఊళ్ళో, ఆ ఇంట్లో దొరికే సామానుతో, ఆ ఊరి టీచరు చేయించిన పని ఫోటో అయి ఇంటర్నెట్‌లో తిరుగుతుంది. అది చూసి మా దగ్గర యథాతథంగా దించుతారు. చలికాలం అంటే దూదితో స్నోమ్యాన్, ఆకు రాలే కాలం అంటే ఎర్రటి మేపుల్ ఆకు. మూసాపేట పిల్లకు చలికాలమంటే మంకీక్యాపు, పొద్దున పెరుగు తోడుకోకపోవడం, స్కూలు వ్యాను కిటికీకి పట్టిన పొగమంచు మీద వేలితో గీసిన బొమ్మ. ఆ చివరిది ఎంత మంచి ఆర్ట్ పాఠమో ఎవరికీ తట్టలేదు.

ఇక ఇగ్లూ. 'ప్రపంచంలో రకరకాల ఇళ్ళు' అన్నారు. ఒకరికి గుడిసె, ఒకరికి పడవ ఇల్లు, ఒకరికి డేరా. రోల్ నంబరు ప్రకారం మాకు ఇగ్లూ పడింది. అబ్బాయికి అమెరికా వాళ్ళతో కాల్ ఉంది, కోడలికి మర్నాడు రిలీజ్ ఉంది. డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో ఖాళీగా ఉన్నాడు.

కట్టడం సంగతి వచ్చినప్పుడు నేను ఆషామాషీగా చేయలేను. చదివాను. ఇగ్లూ అంటే ఉత్తరధ్రువం దగ్గర బతికే ఇన్యుట్లు మంచు దిమ్మెలు కోసి కట్టుకునే ఇల్లు, ఎక్కువగా వేటకు వెళ్ళినప్పుడు తలదాచుకోవడానికి. అందరూ అనుకునేట్టు దిమ్మెలు వలయం మీద వలయం పేర్చరు. మొదటి వరసను వాలుగా కోసి, అక్కణ్ణుంచి మెలి తిరుగుతూ పైకి వెళ్ళే ఒకే వరసగా లోపలికి వంచుకుంటూ పోతారు. అందుకే సెంట్రింగ్ లేకుండా కప్పు నిలబడుతుంది. నేనూ అలాగే కట్టాను. థర్మకోల్ దిమ్మె ప్రతిదానికీ కోణం లెక్కేసి కోశాను. పైన చివరి దిమ్మె పెట్టినప్పుడు అది ఎంత బిగుతుగా కూచుందంటే, కోడలు కాల్ మ్యూట్‌లో పెట్టి వచ్చి చూసింది.

బి ప్లస్. పక్కన ఎర్ర సిరాతో 'మరింత అలంకరణ అవసరం.'

మొదటి బహుమతి వచ్చిన ఇగ్లూని ఫోటోలో చూశాను. లోపల చిన్న బల్బు, బయట మెరుపుల పొడి, గుమ్మంలో రెండు పెంగ్విన్లు. పెంగ్విన్లు దక్షిణ గోళంలో ఉంటాయి, ఇగ్లూలు ఉత్తరాన ఉంటాయి. భూమికి ఆ కొస ఇది, ఈ కొస అది. అవి ఏ వీసా మీద వచ్చాయో ఎవరూ అడగలేదు. ఆ వారంలోనే స్టేషనరీ షాపులో గాజు బీరువాలో అచ్చు అదే ఇగ్లూ, పెంగ్విన్లతో సహా, ధర చీటీతో సహా కనిపించింది. షాపాయన ఆర్డర్లు తీసుకుంటాడట. సౌరకుటుంబం రెడీగా ఉందట, చార్మినార్ కావాలంటే సాయంత్రానికి ఇస్తాడట.

మా అబ్బాయి విషయం కూడా చెప్పాలి, లేకపోతే వాడు తప్పించుకుంటాడు. 'మన వారసత్వం' అన్న వారం గోల్కొండ కట్టే బాధ్యత వాడు తీసుకున్నాడు. థర్మకోల్ గోడలు బాగానే నిలబెట్టాడు. రాతి రంగు రావాలని స్ప్రే పెయింట్ డబ్బా తెచ్చి బాల్కనీలో కొట్టాడు. స్ప్రే పెయింట్‌లో ఉండే ద్రావకం థర్మకోల్‌ని తినేస్తుంది. మేమందరం చూస్తుండగా బురుజులు చప్పుడు లేకుండా కరిగి లోపలికి ముడుచుకుపోయాయి. ఔరంగజేబు సైన్యం 1687లో ఎనిమిది నెలలు ముట్టడించి సాధించిన పని వాడు బాల్కనీలో నిలబడి అరనిమిషంలో చేశాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ వేగం అలా ఉంటుంది.

చట్టం సంగతికొస్తే అది నా పక్షానే ఉంది. 2018 మే నెలలో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు హోంవర్క్ ఇవ్వకూడదంది. అదే ఏడు నవంబరులో కేంద్ర మానవ వనరుల శాఖ అదే మాట రాష్ట్రాలకు రాసింది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ కూడా రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దనీ, మూడు నుంచి అయిదు దాకా వారానికి రెండు గంటలు దాటొద్దనీ చెప్పింది. ఈ కాగితాలన్నీ పట్టుకుని బడికి వెళ్ళాను. ఆఫీసు గదిలో కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా, "ఇది హోంవర్క్ కాదు అంకుల్, యాక్టివిటీ" అంది. నా వాదన అక్కడికి ముగిసింది.

ఇంకో పాయింటు మిగిలింది. దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించిన, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకుల జాబితాలో అలంకరణకు వాడే థర్మకోల్ కూడా ఉంది. మరి మా బడి 'పర్యావరణాన్ని కాపాడుదాం' ప్రాజెక్టుకు అడిగిందే థర్మకోల్ షీటు. దాని మీద పచ్చ రంగు వేసి చెట్లు నాటారు. పిల్లల ప్రాజెక్టు అలంకరణ కిందికి వస్తుందా, విద్య కిందికి వస్తుందా అని ఎవరైనా ధర్మసందేహం లేవనెత్తవచ్చు. 'మరింత అలంకరణ అవసరం' అని ఎర్ర సిరాతో రాసి సంతకం చేసిన కాగితం నా దగ్గర ఉంది. ఎగ్జిబిట్ నంబర్ ఒకటి.

అసలు పసిపిల్లల చేత కాగితం, మట్టి, రంగు పట్టించాలన్న ఆలోచన మొదట ఎవడికి పుట్టిందని కోపంగా వెతికాను. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన దొరికాడు. 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. కాగితం మడవడం, రంగు పట్టీలు అల్లడం, మట్టి పిసకడం, సూదితో అట్ట కుట్టడం, అన్నీ ఆయన బళ్ళో ఉన్నాయి. ముద్దాయి దొరికాడనే అనుకున్నాను. తీరా చదివితే ఆయన చేయించిందంతా బళ్ళోనే, పిల్లల చేతే. ఇంటికి పంపి తాతల చేత చేయించమని ఎక్కడా లేదు. 1897లో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ పిల్లల ఆర్ట్ క్లాసు పెట్టాడు. పెద్దల బొమ్మలు చూసి దించకుండా పిల్లలను వాళ్ళ తోవన గీయనివ్వాలని పట్టుబట్టినవాడు. మన దగ్గర 1937లో వార్ధా సభలో గాంధీగారు చేతిపని చుట్టూ చదువు తిరగాలన్నారు. ఐఐటీ కాన్పూరులో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలకు సైకిల్ వాల్వ్‌ట్యూబు ముక్కలు తొడిగి త్రిభుజాలు, ఘనాలు కట్టించి, జీవితమంతా చెత్తతో బొమ్మలు నేర్పినందుకు 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చెత్త నిజంగా చెత్తే. షాపులో కొని, విప్పి, చెత్త చేసింది కాదు. వీళ్ళందరినీ నిర్దోషులుగా వదిలేశాను.

వదలకుండా పట్టుకున్నది విక్టర్ లోవెన్‌ఫెల్డ్‌ని. ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్ళిన పంతులు. 1947లో పిల్లల బొమ్మల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో వయసుల వారీగా పిల్లలు ఎలా గీస్తారో చెప్పాడు. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య పిల్లలు కాగితం అడుగున నేల గీత ఒకటి గీస్తారు, పైన ఆకాశం ఒక పట్టీగా పెడతారు, మధ్యలో ఖాళీ. గోడ ఉన్నా లోపలి మనుషుల్ని చూపిస్తారు. తమకు ముఖ్యమైనదాన్ని పెద్దది చేస్తారు. ఇదంతా తప్పు కాదు, ఆ వయసు పద్ధతి అని ఆయన వాదన.

చదివాక మా మనవరాలు గీసిన మెట్రో బొమ్మను మళ్ళీ చూశాను. అడుగున నల్ల గీత రోడ్డు. పైన నీలం పట్టీ ఆకాశం, మూలకు సూర్యుడు. మధ్యలో పిల్లర్లు, ప్రతి పిల్లరు మీదా నంబరు. ఎందుకంటే మా ఇంటికి ఎవరొచ్చినా ఫోన్‌లో చెప్పేది పిల్లరు నంబరే. పైన రైలు, ఎర్రగా నిండా రంగు వేసింది. అయినా లోపల కూచున్న వాళ్ళంతా పాదాల దాకా కనిపిస్తున్నారు. వాళ్ళమ్మ నిలబడి ఉంది. అమ్మ చేతిలో ఫోను అమ్మ తలకాయంత ఉంది.

రైలు పెట్టె లోపలున్నది చూపించాలంటే మేం గోడను అడ్డంగా కోసినట్టు గీస్తాం. మా పనిలో దాన్ని సెక్షనల్ వ్యూ అంటారు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు రెండేళ్ళు. అందులో ఆ వ్యూ నా బుర్రకు ఎక్కడానికి చాలా తిట్లు తినాల్సి వచ్చింది. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే గీసి, కింద సంతకం చేసి, క్రేయాను పెట్టెలో పెట్టేసింది.

"ఇది పంపుదామే రేపు" అన్నాను.

"ఇది ప్రాజెక్టు కాదు తాతయ్యా. బొమ్మ" అంది.

ఈ ఫిర్యాదుకు అసలు కారణం ఇదండీ. ఏడేళ్ళకే పిల్లకు తెలిసిపోయింది, తను చేసేది బొమ్మ, పెద్దవాళ్ళు చేసేది ప్రాజెక్టు, గ్రేడు వచ్చేది రెండోదానికి అని. ఆ బొమ్మ గీసిన అట్టే చివరికి ఇగ్లూ కింద పీఠమైంది. బొమ్మ ఉన్న వైపు అడుగుకి పోయింది. బడికి వెళ్ళి, బి ప్లస్‌తో తిరిగొచ్చింది.

పిల్లదానికి చేతకాదని పెద్దవాళ్ళు చేస్తున్నారనుకుంటే అదీ పూర్తి నిజం కాదు. ఒకరోజు కాగితం కత్తిరిస్తుంటే చూశాను. కత్తెర ఆడుతోంది, కాగితం తెగడం లేదు, రెండు పళ్ళ మధ్య మడతపడుతోంది. "చేతులు తిన్నగా లేవు" అని అంతకు ముందు వాళ్ళ నాన్న కత్తెర లాక్కున్నాడు. పిల్లది ఎడమచేతి వాటం. మామూలు కత్తెర కుడిచేతికి చేసింది. కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలు తోసే తోపుకి రెండు పళ్ళూ దగ్గరకు ఒరుసుకుంటాయి. ఎడమచేత్తో పడితే అదే తోపుకి ఎడమవుతాయి. కాగితం మధ్యలో జారుకుంటుంది. ఎడమచేతి వాళ్ళ కత్తెర వేరే దొరుకుతుంది. ప్రాజెక్టుకు సామాను జాబితా రాసిన వాళ్ళెవరూ క్లాసులో ఎడమచేతి పిల్లలు ఎంతమందో లెక్క చూసి ఉండరు. గ్లిటర్ రంగులు మాత్రం మూడు అని లెక్కగా రాస్తారు.

టీచరమ్మ మీద నాకు కోపం లేదు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ముప్పైమంది పిల్లలకు ఒక టీచరుండాలి. ఆవిడ ముందు అంతకంటే ఎక్కువే ఉన్నారు. వాళ్ళందరి చేతికీ ఒకేసారి రంగు, నీళ్ళు, జిగురు ఇస్తే ఏమవుతుందో పిల్లల పుట్టినరోజులు చేసినవాళ్ళకు తెలుసు. పైగా వారం వారం ఫోటోలు పైకి పంపాలి, ఫోటోలో అన్నీ తీర్చిదిద్దినట్టుండాలి. నిజంగా ఏడేళ్ళ పిల్ల చేసిన నెమలి ఫోటోలో నెమలిలా ఉండదు. దాని మెడ పక్కకు పడిపోయి ఉంటుంది, కన్ను ఒకటే ఉంటుంది, జిగురు మరకలో ఒక వెంట్రుక ఉంటుంది. అలాంటి ఫోటో చూసి పక్క బడిలో చేర్పించే తల్లిదండ్రులున్నారు. అందువల్ల గోల బడి గేటు దాటి మా హాల్లోకి వచ్చింది.

అయితే ఫిర్యాదు చేసి ఊరుకోవడం మా వృత్తిలో లేదు. డ్రాయింగ్ ఇస్తేనే షాప్‌ఫ్లోర్ మీద ఎవడైనా మాట వింటాడు. కనుక డ్రాయింగ్ ఇస్తున్నాను.

వారానికి ఒక పీరియడ్, నలభై నిమిషాలు. బళ్ళోనే. మొదటి అయిదు నిమిషాలు వస్తువు చూపించాలి, చేసిపెట్టిన నమూనా చూపించకూడదు. నమూనా చూపిస్తే ముప్పైమంది దాన్నే దించుతారు, దించలేనివాళ్ళు ఏడుస్తారు. చివరి పది నిమిషాలు శుభ్రం చేసుకోవడానికి, అది కూడా పిల్లలే. మిగిలింది పాతిక నిమిషాలు. పాతిక నిమిషాల్లో అయ్యే పని ఒకే సామానుతో ఉండాలి. మట్టి అయితే మట్టే, కాగితం అయితే కాగితమే. బల్లల మీద పాత పేపర్లు పరవాలి. పని మొదలుపెట్టకముందే వెనకవైపు పెన్సిల్‌తో పేరు రాయించాలి, జిగురు పూసిన తర్వాత రాయడం కుదరదు, ఆరేసిన వాటిలో ఎవరిది ఏదో చెప్పలేం. ఆరబెట్టడానికి వరండాలో ఒక తాడు, నాలుగు క్లిప్పులు. ఇంతే.

సామానుకు బెండకాయ చాలు. ఎర్రగడ్డ రైతుబజార్లో ముదిరిపోయి ఎవరూ తీసుకోని బెండకాయలుంటాయి. అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు. రంగులో ముంచి కాగితం మీద అద్దాలి. ఏ పిల్ల చేతికైనా వచ్చే పని. ఏ ఇద్దరి కాగితాలూ ఒక్కలా ఉండవు. జిగురు కావాలా, మైదా ఉడికించిన అంబలితో సినిమా పోస్టర్లు అంటించిన ఊరు ఇది. ఇంకాస్త గట్టి జిగురు కావాలంటే చింతగింజలు ఉన్నాయి. చేర్యాలలో కథల పటాలు వేసే నకాషీ వాళ్ళు చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురునే పటం గుడ్డకు పట్టిస్తారు. అదే జిగురు రంపపు పొట్టుతో కలిపి ముఖాల బొమ్మలు చేస్తారు. చింతపండు పిసికి గింజలు పారేసే ప్రతి ఇంటా ఈ ముడిసరుకు ఉంది. చేర్యాల పటం పొడుగునా వరస వరసగా కథ నడుస్తుంది. మా మనవరాలి మెట్రో బొమ్మ లాంటివి ముప్పై అంటిస్తే క్లాసంతటిదీ ఒక పటం అవుతుంది. దాన్ని విప్పుతూ పిల్లలే కథ చెప్పుకుంటారు.

ఇగ్లూయే నేర్పాలని అంత పట్టుదల ఉంటే ఆశ్వయుజం దాకా ఆగండి. బతుకమ్మ పేర్చడం చూపించండి. పళ్ళెంలో వెడల్పుగా మొదలుపెట్టి, తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గించుకుంటూ, లోపల ఆకులు దట్టంగా కూరి నిలబెట్టడం. లోపలికి వంచుకుంటూ కట్టే లెక్కంతా అందులో ఉంది. గునుగు పువ్వుకు రంగు ముంచే పని ఒక్కటే పిల్లలకు ఒక పీరియడ్ నిండా సరిపోతుంది. ఇది చెప్పడానికి మా ఆవిడ బడికి వస్తానంటోంది, ఫీజు తీసుకోదు. నేనూ వస్తాను, నన్ను గేటు దగ్గర ఆపకపోతే.

చివరగా నా వీధివాళ్ళకు ఒక విన్నపం. తప్పంతా బడి మీద నెట్టేస్తే సరిపోదు. గ్రూపులో మెసేజ్ పడగానే పొయ్యి ఆపి కత్తెర పట్టేది మనమే. ఒకరు బల్బు పెడితే ఇంకొకరు మోటారు పెట్టేదీ మనమే. మన పిల్ల నెమలి పక్క పిల్ల నెమలి కంటే చిన్నదైందని రాత్రి పదకొండింటికి తోక పొడిగించేదీ మనమే. అందుకని ఒక్క ప్రాజెక్టుకు, ఒక్కసారికి, అందరం చేతులు కట్టుకుని కూచుందాం. పిల్ల ఏం చేస్తే అది, మెడ వాలినా, కన్ను ఊడినా, ముట్టుకోకుండా సంచీలో పెట్టి పంపుదాం. క్లాసు మొత్తానికి సి గ్రేడు వేసే ధైర్యం ఏ బడికీ ఉండదు. ఫీజు కట్టేది మనమే కదా.